కుర్చీకి చెప్పిన పాఠం

వినేవాళ్ళు లేకపోతే పాఠం చెప్పడం రాదు. ఇది నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు, మా అక్క దగ్గర నేర్చుకున్నాను. కావలిలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని, అక్క కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని అడిగినవాళ్ళకు అక్క ఒక జవాబు చెప్పేది, నేను ఇంకొకటి చెప్పేదాన్ని, రెండూ అబద్ధాలే. బడి నుంచి రాగానే మర్నాటి పాఠం ఆమెకు చెప్పి చూసుకోవడం నాకు అలవాటు. ఆమె అయిదో తరగతి దాటలేదు. మిషను తొక్కుతూనే వినేది. ఉన్నట్టుండి కాలు ఆపి, "గుండె మనం నిద్రపోయినా పని చేస్తుంది గదా, మరి అదెప్పుడు నిద్రపోతుందే?" అని అడిగేది. నాకు చిరాకొచ్చేది. మర్నాడు క్లాసులో అదే ప్రశ్నతో పాఠం మొదలుపెట్టేదాన్ని.

అక్క పోయి రెండేళ్ళు దాటింది. ఆ తరవాత జరిగిన బదిలీల్లో నాకు అల్లూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరి హైస్కూలు వచ్చింది. అల్లూరులోనే ఒక పోర్షను అద్దెకు తీసుకున్నాను. సాయంత్రం తాళం తీసుకుని లోపలికి వెళితే, మర్నాడు పొద్దున ఆటో ఎక్కి "స్కూలు దగ్గర ఆపు నాయనా" అనేవరకు నా నోట మాట ఉండదు. ఆదివారం చర్చిలో పాట ఉంటుంది కాబట్టి గొంతు కాస్త కదులుతుంది. బయటికొచ్చాక "బాగుండారా మేడమ్?" అంటారు, "బాగుండా" అంటాను, అంతటితో ఆ వారానికి సరి. ఒంటరితనం గురించి జనం గొప్పగా రాస్తుంటారు. నాకు తెలిసినంతవరకు అది ఇంతే: కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పేవాళ్ళు ఉండరు.

బడిలో మాటలు ఉంటాయి కదా అంటారేమో. పదో తరగతి పిల్లలకు నేను చెప్పేది వినడం తెలుసు, రాసుకోవడం తెలుసు, అప్పజెప్పడం బ్రహ్మాండంగా తెలుసు. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటంటే కామాలతో సహా చెప్పేస్తారు. ఆ చెప్పినదాన్లో ఒక్క ముక్క అర్థమైందో లేదో దేవుడికే తెలియాలి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే అందరూ కలిసి "లేవు మేడమ్" అంటారు. ఆ ఒక్కమాట మాత్రం ఏ తడబాటూ లేకుండా వస్తుంది.

అప్పుడు నాకు వీడియోల ఆలోచన వచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఒక ఫోను ఉంది, ఆ ఫోను చూస్తూ పిల్లలు చెడిపోతున్నారని ప్రతి ఇంట్లోనూ గోల ఉంది. సరే, ఆ ఫోనుతోనే పాఠం చెప్పండి అన్నాను. వారం అంతా నేను చెప్పినదాన్లోంచి ఒక సంగతి తీసుకోవాలి. ఇంట్లో చదువు రానివాళ్ళను, లేదా ఎప్పుడో మానేసినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. వాళ్ళు కనీసం ఒక్క ప్రశ్న అడగాలి, దానికి జవాబు చెప్పాలి. అంతా మూడు నిమిషాల్లో, మధ్యలో కోయకుండా తీయాలి. శుక్రవారం నాకు పంపాలి, శనివారం మధ్యాహ్నం క్లాసులో డిజిటల్ బోర్డు మీద చూస్తాం. "ప్రశ్న లేని వీడియో నాకొద్దు" అని గట్టిగా చెప్పాను. హెడ్మాస్టరు గారు విని, "ఫోన్లు మాన్పించలేక మేం చస్తుంటే మీరు చేతికిచ్చి పంపిస్తారా మేడమ్?" అన్నారు. ఆయన అలా అన్నారంటే సగం ఒప్పుకున్నట్టే.

మొదటివారం వచ్చినవి చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని చదివేసి, పక్కనున్న తాతను మోచేత్తో పొడిచి "అడుగు తాతా" అన్నవాడొకడు. మూడో వారానికి దారిలో పడ్డాయి. ఒక పిల్లవాడు జీర్ణవ్యవస్థ గురించి వాళ్ళ నాయనమ్మకు చెబుతుంటే ఆమె, "అదంతా సరే గానీ, నాకు పుల్లతేపులు ఎందుకొస్తా ఉండాయిరా?" అని అడిగింది. వాడు తెల్లమొహం వేసి, లోపలికి పరిగెత్తి పుస్తకం తెచ్చి వెతికి, కడుపులో ఆమ్లం గురించి తన మాటల్లో చెప్పాడు. పుస్తకంలో ఆ పేరా వాడు అంతకుముందు పదిసార్లు అప్పజెప్పి ఉంటాడు. ఇంకో అమ్మాయి గుండె గదుల గురించి చెబుతుంటే, వల అల్లుకుంటున్న వాళ్ళ నాన్న తల ఎత్తకుండానే, "మనిషికి రక్తం ఎర్రగుంటాది గదా, రొయ్యకెందుకు ఉండదు?" అన్నాడు. ఆ పిల్ల నన్ను అడిగింది. నాకూ తెలియదు. వెతికి చదువుకుని మర్నాడు చెప్పాను. ముప్పై ఏళ్ళుగా రక్తం పాఠం చెబుతున్నాను, నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

నిజం చెప్పేస్తాను. మార్కులు వేయడానికి వీడియో ఒకసారి చూస్తే చాలు. నేను రెండు మూడుసార్లు చూసేదాన్ని. శుక్రవారం సాయంత్రం టీ పెట్టుకుని ఫోను బల్ల మీద నిలబెట్టి, ఒకదాని తరవాత ఒకటి పెట్టుకునేదాన్ని. పాఠం వెనకాల కుక్కరు కూత వినిపించేది. ఎవరో ఎవరినో పిలిచేవాళ్ళు. చంటిపిల్ల వచ్చి ఫోను మీద చెయ్యి వేసేది. ఎవరో ఒక అమ్మ, "ఇంక చాలు, అన్నం తిను" అనేది. నా గది నిండా మనుషులు ఉన్నట్టుండేది. అవి అయిపోగానే పోయేవాళ్ళు.

క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. బాగా చదువుతుంది కానీ చెయ్యి ఎత్తదు. ఆమె మొదటి నాలుగు వారాలూ వీడియో పంపలేదు. అడిగితే, "ఫోను మా నాయన దగ్గరుంటాది మేడమ్" అంది. పైగా ప్రతి శుక్రవారం చివరి పీరియడుకు కనిపించేది కాదు. మధ్యాహ్నం అన్నం తిని వెళ్ళిపోయేది. రెండుసార్లు అందరి ముందూ తిట్టాను. "శుక్రవారం నీకేమన్నా సెలవిచ్చినారా?" అన్నాను. తల వంచుకుని నిలబడింది. కారణం అడగాలని నాకు తోచలేదు. తిట్టడం అయిపోయాక అడగడానికి ఏముంటుంది అనుకునే రకం నేను.

అయిదో వారం, శనివారం పొద్దున ఆమె వీడియో వచ్చింది. ఆటోలో ఉన్నాను, సిగ్నలు సరిగ్గా లేదు, చూడలేదు. పంపిందనే సంతోషంలో మధ్యాహ్నం క్లాసులో అన్నిటికంటే ముందు అదే పెట్టాను.

రొయ్యల గుంట గట్టు. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ మిషన్లు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. గట్టు మీద ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీకి ఒక ఆకుపచ్చ చీర చుట్టి, కొంగు వెనక నుంచి భుజం మీదికి వచ్చినట్టు వేసి ఉంది. కుర్చీలో మనిషి లేదు. ఈ అమ్మాయి కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుని పాఠం మొదలుపెట్టింది. క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. కాసేపటికి ఆమె గొంతు సన్నగా మార్చి, సాగదీస్తూ, "అయితే మే, చెట్లు పగలు గాలి పీల్చవా, రేత్రే పీలస్తాయా?" అని తనే అడిగింది. మళ్ళీ మామూలు గొంతుతో జవాబు చెప్పసాగింది. ఆ సన్నగొంతుకు క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీల వాళ్ళు బల్లలు చరిచారు. ఆమె చెప్పిన జవాబు ఆ నవ్వులో ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడలేదు, నాతో సహా.

నేను వీడియో ఆపేశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఎంతో ఇష్టంగా పెట్టుకున్న పద్ధతిని ఇది వెక్కిరిస్తోంది అనిపించింది. "ఇంట్లో మనిషే దొరకలేదా నీకు? కుర్చీకి చీర కట్టి నాటకాలాడమన్నానా? ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ చేసుకుని రా, మనిషిని కూర్చోబెట్టి" అన్నాను. ఆమె లేచి నిలబడి, "సరే మేడమ్" అంది. కూర్చుంది. తరవాతి వీడియో పెట్టాను.

సోమవారం ఆమె రాలేదు. మంగళవారం కూడా రాలేదు. బుధవారం మధ్యాహ్నం, భోజనాల దగ్గర వడ్డించే వంటామెను, ఆ పిల్ల మీ వైపు నుంచే కదా వస్తుంది, ఒంట్లో బాగాలేదా అని అడిగాను. ఆమె గరిటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఒంట్లో బాగనే ఉండాది మేడమ్. బడికి రానంటా ఉండాదంట. వాళ్ళత్త రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతాది, తోడు తీసకపోతానంటా ఉండాది."

"పదో తరగతి పిల్లని షెడ్డుకి పంపిస్తారా? వాళ్ళమ్మ ఏం చేస్తా ఉంది?"

"వాళ్ళమ్మ యాడుండాది మేడమ్? కువైట్లో ఇంటిపనికి పోయి మూడేండ్లాయ. వాళ్ళ నాయన గుంట కాపలా. ఆ గట్టు మీద షెడ్డులో ఈ పిల్ల, ఆయన. ఆయన రేత్రంతా మేలుకుంటాడు, పగలు పడుకుంటాడు. ఇంక ఆ పిల్లకి మాట్లాడేదానికి ఎవురుండారు?"

నేను వచ్చి అయిదు నెలలైంది. రిజిస్టరులో ఆ పిల్ల తల్లి పేరు ఉంది, రోజూ ఆ రిజిస్టరు తెరుస్తాను. పేరు ఉంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే అనుకున్నాను. పోనీ ఇంకెవరైనా ఆ పొరపాటు చేస్తే అర్థముంది. వినే మనిషి లేని ఇంట్లో రోజూ తాళం తీసేదాన్ని నేను. ముప్పై ఎనిమిది మందికి ఒక నియమం పెట్టేటప్పుడు, ఇలాంటి ఇల్లు ఇంకొకటి ఉంటుందని నాకే తట్టాలి కదా. తట్టలేదు. ఆ ఖాళీ కుర్చీ చూసినప్పుడు నాకు అంత కోపం ఎందుకొచ్చిందో స్టాఫ్ రూములో కూర్చున్నాక తెలిసింది. అల్లూరికి వెంట తెచ్చుకున్న అక్క కుట్టుమిషను ముందు స్టూలును నేను ఇంతవరకు పక్కకు జరపలేదు.

బడి వదిలాక ఆటో మాట్లాడుకుని గుంటల దగ్గరికి వెళ్ళాను. అటు రోడ్డంటూ ఉండదు, గట్లే రోడ్లు. ఒక గేటు దగ్గర ఆటో ఆగింది. గేటు లోపల ఒక తొట్టిలో ఊదారంగు మందునీళ్ళు ఉన్నాయి. లోపలికి ఎవరు రావాలన్నా అందులో కాళ్ళు ముంచి రావాలి, బయటి నుంచి గుంటకు రోగం రాకుండా. పిల్ల తండ్రి లుంగీ సరిచేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నేనెవరో చెప్పగానే చేతులు జోడించాడు.

"తప్పుగా అనుకోవద్దు మేడమ్. పక్క గుంటల్లో వైరస్ ఉండాది. రొయ్యల పట్టుబడి అయ్యేదాకా బయటోళ్ళని గట్టెక్కనీయొద్దన్నాడు ఓనరు. కాళ్ళు ముంచినా రానీయొద్దన్నాడు. మిమ్మల్ని ఈడ నిలబెట్టేదానికి నాకు సిగ్గుగా ఉండాది."

"పర్లేదన్నా, ఇక్కడే ఉంటా. పాపను పిలవండి" అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళి, కుర్చీ ఒకటి తెచ్చి గేటు మీదుగా నాకు అందించాడు. నీలం ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద ఇప్పుడు చీర లేదు. గట్టు మీద వేసుకుని కూర్చున్నాను. తండ్రి మేత బస్తాల దగ్గరికి వెళ్ళిపోయాడు. అమ్మాయి వచ్చి గేటుకు అవతల నిలబడింది. ఏరియేటర్ల హోరులో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. సారీ అనే మాటను గట్టిగా అరిచి చెప్పడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

"మీ అమ్మ ఇక్కడ లేదని నాకు తెలియదు. తెలుసుకోకుండా తిట్టినా. తప్పు నాది" అన్నాను. "ఎవరూ లేకపోతే లేరని చెప్పుంటే, కుర్చీతో చేసినా నేను ఒప్పుకునేదాన్ని కదమ్మా."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది. ఆ పిల్లకు కోపం వస్తుందని నేను అనుకోలేదు.

"ఎవురూ లేకపోయేది ఏంది మేడమ్? మా అమ్మ అడిగింది. ఆ ప్రశ్నలు మా అమ్మవే."

నాకు అర్థం కాలేదు. ఆమె గేటు కమ్మీ పట్టుకుని చెప్పింది. తల్లి పనిచేసే ఇంట్లో శుక్రవారం ఆ ఇంటివాళ్ళు నమాజుకు వెళ్ళినప్పుడు ఆమెకు ఒక గంట తీరిక. మనకు మధ్యాహ్నం మూడు, మూడున్నర అవుతుంది. వారానికి ఆ ఒక్క గంటే ఫోను. అందుకే శుక్రవారం ఈ పిల్ల బడి నుంచి ముందే వెళ్ళిపోయేది. పోయిన శుక్రవారం ఆ గంటలో తల్లికి పాఠం చెప్పింది. మొక్కలు రాత్రీ పగలూ ఊపిరి పీలుస్తాయని, పగలు మాత్రం అవి వాడుకునేదానికంటే ఎక్కువ ఆక్సిజన్ తయారుచేస్తాయని, రాత్రి తయారీ ఆగిపోతుంది కాబట్టి గుంట నీళ్ళల్లోని పాచి కూడా రొయ్యలతో పాటు ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటుందని, తెల్లారుజాముకు నీళ్ళల్లో గాలి బాగా తగ్గిపోతుందని చెప్పింది. తల్లి మధ్యలో ఆపి ఆపి అడిగింది.

"అయితే వీడియో కాల్‌నే రికార్డు..." అన్నాను.

"ఒకటే ఫోను మేడమ్. మాట్లాడేదీ దాంట్లోనే, తీసేదీ దాంట్లోనే. అందుకని అమ్మ అడిగినవి అడిగినట్టు నోట్సులో రాసుకున్నా. అమ్మ చీర వేసినా. అమ్మ గొంతు అట్నే ఉంటాది. నవ్వించాలని చెయ్యలా."

నా నియమాన్ని క్లాసులో అందరికంటే నిజాయితీగా పాటించింది ఆ పిల్లే. వీడియో మొత్తం నేను ఇంకా చూడలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"శనివారం సాయంత్రం అమ్మకి వాయిస్ పెట్టినా" అంది. ఇప్పుడామెలో కోపం లేదు. "క్లాసులో అందరూ చప్పట్లు కొట్టినారని చెప్పినా. ఎల్లుండి అమ్మ చేస్తాది. ఇంకా ఏమన్నారు, మేడమ్ ఏమన్నది అని అడగతాది. నేనేం చెప్పాల? నేను బడికి రాను మేడమ్. రాకపోతే అడగదు."

చీకటి పడకముందే తిరిగి వెళ్ళాలని ఆటో అతను హారన్ కొట్టాడు. నేను లేచి, "రేపు క్లాసులో నీ వీడియో మళ్ళీ పెడతాను. ఆ ప్రశ్నలు మీ అమ్మవని అందరికీ చెప్పనా?" అని అడిగాను.

"చెప్పండి. నేను ఏడ్చినానని మాత్రం చెప్పొద్దు" అంది.

ఇంటికెళ్ళి వీడియో మొత్తం చూశాను. ఫోను గోడకు ఆనించి కూర్చున్నాను. చెట్లు పగలు గాలి పీల్చవా అన్న ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు నేను క్లాసులో చెప్పినదానికంటే శుభ్రంగా ఉంది. పరీక్షల్లో నూటికి తొంభైమంది తప్పు రాసేది అక్కడే. ఆఖర్న సన్నగొంతు ఇంకో ప్రశ్న అడిగింది. "మీ నాయన రేత్రంతా నిద్రలేకుండా ఆ మిషన్ల కాడ కూర్చునేది ఇందుకేనా?" ఆమె, "అవునమ్మా, ఇందుకే" అంది. నేను మధ్యలో ఆపేయడం వల్ల మాకు వినపడకుండా పోయింది ఇది. కువైట్లో ఉన్న భార్యకు, మొగుడు ఎందుకు నిద్ర కాస్తాడో కూతురి పాఠం వల్ల తెలిసింది.

గురువారం మొదటి పీరియడు నాది కాదు, లెక్కల మాస్టారిని బతిమాలి తీసుకున్నాను. క్లాసు ముందు నిలబడి, తప్పు నాదని చెప్పాను. టీచర్లు అలా చెప్పడం పిల్లలకు అలవాటు లేదు. కొందరు నా మొహం వైపు చూడలేక బల్లల వైపు చూశారు. ఆ సన్నగొంతు ఎవరిదో, ఎందుకు అలా చేయాల్సి వచ్చిందో చెప్పాను. వీడియో పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏరియేటర్ల చప్పుడు కూడా స్పష్టంగా వినపడింది.

అయిపోయాక చప్పట్లు కొట్టమని నేను అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, పళ్ళు బిగించి ఆపుకున్నాను. అడిగి కొట్టించిన చప్పట్లు ఆ పిల్లకు అక్కర్లేదు. శనివారం అందరికంటే గట్టిగా బల్ల చరిచినవాడు ఒకడున్నాడు, వాళ్ళ నాన్నకూ గుంటలున్నాయి. వాడు లేచి, "మేడమ్, మబ్బు పట్టిన దినం పగలు కూడా మా నాయన మిషన్లు ఆపడు. ఎండ లేకపోతే పాచి గాలి తయారుచెయ్యదు, అందుకేనా?" అని అడిగాడు.

"అదే అయ్యుంటుంది. కానీ నన్నెందుకు అడుగుతావు, చెప్పిన మనిషిని అడుగు" అన్నాను.

"ఆమె రాలేదు గదా మేడమ్."

"అయితే వీడియో తీసి పంపిద్దాం, లే" అని నా ఫోను తీశాను. వాడు ప్రశ్న మళ్ళీ అడిగాడు. వాడి తరవాత ఇంకొకరు, ఆ తరవాత ఇంకొకరు. మొత్తం ఏడు ప్రశ్నలు వచ్చాయి. 'లేవు మేడమ్' తప్ప ఇంకోమాట రాని క్లాసు. ఆఖరివాడు కూర్చున్నాక, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు మోగాయి. ఫోను ఇంకా తీస్తూనే ఉంది. ఆ చప్పట్లు కూడా అందులో పడ్డాయి. అలాగే ఆమె తండ్రి నంబరుకు పంపించాను.

శుక్రవారం పొద్దున ప్రేయరుకు ఆమె వచ్చింది. సంచిలో తండ్రి ఫోను కూడా తెచ్చుకుంది. బడికి ఫోను తేకూడదని మా నిబంధన. హెడ్మాస్టరు గారు చూసి నా వైపు చూశారు, నేను కిటికీలోంచి బయటికి చూశాను. మధ్యాహ్నం మూడు దాటాక ఫోను మోగింది. ఆమె వరండాలోకి వెళ్ళి చాలాసేపు మాట్లాడింది. ఏడు ప్రశ్నలూ చదివి వినిపిస్తున్నట్టుంది. తరవాత స్టాఫ్ రూము తలుపు దగ్గరికొచ్చి, "మేడమ్, అమ్మ మీతో మాట్లాడాలంట" అని ఫోను నా చేతికిచ్చి, తను దూరంగా కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

"మేడమ్ గారా?" అంది. గొంతు సన్నగా, సాగదీసినట్టు ఉంది. ఆ పిల్ల వీడియోలో ఏమీ ఎక్కువ చేయలేదు. "క్లాసులో చప్పట్లు కొట్టినారంట గదా?"

"కొట్టినారమ్మా" అన్నాను. నిన్ననే కొట్టారు. రెండు రోజుల ముందు అడిగి ఉంటే నేను అబద్ధం చెప్పాల్సి వచ్చేది.

"పోయిన శనివారం పాప పెట్టిన వాయిస్‌లో గొంతు బాగలేదు మేడమ్. చప్పట్లు కొట్టినారని చెప్పతానే ఏడస్తా ఉండాది. ఎవురో ఏదో అన్నారని తెలిసింది. అడిగితే చెప్పదు, ఇంత దూరాన నేను బాధపడతానని. ఈ పొద్దు బాగుండాది. చాలు."

"అన్నది నేనేనమ్మా" అన్నాను. "తెలియక తిట్టినా."

"మీరేనా?" అంది. కోపంగా అని ఉంటే నాకు కాస్త బాగుండేది. "పిల్లోళ్ళని తిట్టకుండా ఎట్టా మేడమ్. ఈడుంటే నేనే తిట్టేదాన్ని. నాకు ఆ అదృష్టం కూడా లేకపాయ." ఆమె చిన్నగా నవ్వింది. తరవాత, "ఒకటి అడగతా, ఏమనుకోవద్దు. ఇంట్లో వినేవాళ్ళకి చెప్పి చూసుకోమన్నారంట గదా పిల్లోళ్ళని. మరి మీరు మీ ఇంట్లో ఎవురికి చెప్పతారు?"

"ఎవరూ లేరమ్మా" అన్నాను. ఆ మాట అంతకుముందు నేను ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళు కూడా లేరు. స్టాఫ్ రూములో మిగతా వాళ్ళు చూస్తారని గోడ వైపు తిరిగాను.

"అట్నా" అంది ఆమె. "నాకూ ఈడ తెలుగు మాటాడేదానికి ఒక్కరు లేరు మేడమ్. మీ నంబరియ్యండి. శుక్రవారం పాపతో మాటాడినంక టైం మిగిలితే మీకు చేస్తా. ఆ మొక్కల సంగతి ఇంకా కొంచెం చెప్పుదురు."

ఆ పిల్ల ఇప్పుడు రోజూ బడికి వస్తోంది. చెయ్యి కూడా ఎత్తుతోంది, ఒక్కోసారి నా తప్పులు దిద్దడానికి. శుక్రవారం మూడున్నరకు ఆమెకు వరండాలో మాట్లాడుకోవడానికి అనుమతి ఇప్పించాను. నేను స్టాఫ్ రూములో కూర్చుంటాను. తల్లి ఇప్పటికి మూడుసార్లు నాకు చేసింది, ఒక్కోసారి రెండు నిమిషాలు, ఒకసారి నాలుగు. మిగతా వారాల్లో టైం మిగల్లేదు. మిగలని రోజు ఆ పిల్ల వరండాలోంచి మెరిసే మొహంతో వస్తుంది. గంట మొత్తం అమ్మ తనతోనే మాట్లాడిందని తెలిసిపోతుంది. నాకు సంతోషం కలగాలి, కలుగుతుంది కూడా. కానీ ఆ పిల్ల వరండాలో మాట్లాడుతున్నంతసేపూ, ఇంక పెట్టెయ్ తల్లీ, నాకు రెండు నిమిషాలు మిగుల్చు అని నేను లోపల అనుకుంటూనే ఉంటాను. యాభై నాలుగేళ్ళదాన్ని, అమ్మ దగ్గర లేని పిల్ల దగ్గర అమ్మను అడుక్కుంటున్నాను. తప్పని తెలుసు. ఆమెకు చెప్పాల్సిన పాఠం మాత్రం గురువారమే చదువుకుని పెట్టుకుంటాను.